తోమా ఇండియాకు వచ్చిన కథ మన బైబిల్‌లో ఎందుకు లేదు?

నెల్లూరు కోడలు (ప్రశ్న):
అందరికీ వందనాలు. మా పుట్టింటివాళ్లు బాప్టిస్టులు, అత్తగారివాళ్లు ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్కులు). మొన్న సెలవుల్లో అత్తయ్యను తీసుకుని చెన్నై వెళ్లాం. సెయింట్ థామస్ మౌంట్ ఎక్కాం, మైలాపూర్‌లో శాంతోమ్ చర్చి కూడా చూశాం. యేసు శిష్యుడు తోమాను ఈ కొండ మీదే ఈటెతో పొడిచి చంపారని అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ చెప్పారు. ఇంటికొచ్చి బైబిల్ తిరగేశాను. యోహాను సువార్తలో గాయాల్లో వేలు పెడితే తప్ప నమ్మనన్న సంగతి ఉంది, అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో పేరుంది. ఇండియా మాట ఎక్కడా లేదు. మా పాస్టర్ గారిని అడిగితే "కల్పితాలమ్మా, వాటి జోలికి పోకండి" అన్నారు. మరి ఈ కథ ఎక్కడ రాసుంది? బైబిల్‌లో నుంచి ఎందుకు తీసేశారు?

సత్యాన్వేషి:
చాలా సింపుల్ అక్కా. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఓటింగ్ పెట్టి తనకు నచ్చిన పుస్తకాలు ఉంచాడు, మిగతావి తగలబెట్టించాడు. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి.

లైబ్రరీ మాస్టారు:
తమ్ముడూ, వీడియోలు సరే గానీ, నైసియా సభ తీర్మానాలు 20 ఇప్పటికీ దొరుకుతాయి. ఒకసారి చదివి చూడు. అక్కడ పెద్ద గొడవ అరియస్ బోధ మీద (కుమారుడు తండ్రితో సమానుడు కాడు, సృష్టింపబడినవాడే అన్నది ఆ బోధ), ఆపైన ఈస్టర్ ఎప్పుడు చేసుకోవాలన్నదాని మీద. ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీయాలి అన్న తీర్మానం వాటిలో ఒక్కటీ లేదు. కొత్త నిబంధనలో మనకున్న 27 పుస్తకాల పట్టిక అచ్చంగా అలాగే మొదట కనబడేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఈస్టర్‌కు తన సంఘాలకు రాసిన ఉత్తరంలో. అప్పటికి కాన్‌స్టాంటైన్ పోయి ముప్పై ఏళ్లు.

ఇక అమ్మా, మీ ప్రశ్న. నేను రిటైరయ్యేదాకా వేదాంత కళాశాల లైబ్రరీలో పనిచేశాను. ఇలాంటి పుస్తకాలున్న బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. తాళం దొంగల భయానికి కాదులెండి, చెదల భయానికి. మీరు అడిగే పుస్తకం పేరు "తోమా కార్యములు". 3వ శతాబ్దంలో, ఎదెస్సా ప్రాంతంలో, సిరియాక్ భాషలో రాశారని పండితుల్లో ఎక్కువమంది అంటారు. ఎదెస్సా అంటే ఇప్పటి టర్కీలో ఉర్ఫా. "తోమా సువార్త" అని ఇంకొకటుంది. దానికీ దీనికీ లంకె పెట్టకండి. అది 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన 114 వాక్యాల పుస్తకం, అందులో ఇండియా ఊసే లేదు.

తోమా కార్యముల్లో కథ ఇలా మొదలవుతుంది. ఎవరు ఏ దేశం వెళ్లాలని అపొస్తలులు యెరూషలేములో చీట్లు వేసుకుంటారు. తోమాకు ఇండియా వస్తుంది. "హెబ్రీయుణ్ణి, అక్కడివాళ్లకు నేనేం బోధిస్తాను" అని మొరాయిస్తాడు. రాత్రి ప్రభువు కనబడి చెప్పినా వినడు. సరిగ్గా అప్పుడే గుండఫర్ అనే రాజు కోసం మంచి వడ్రంగిని వెతుక్కుంటూ హబ్బాన్ అనే వర్తకుడు ఆ ఊరొస్తాడు. మిట్టమధ్యాహ్నం బజారులో యేసే అతని దగ్గరికెళ్లి, నా దగ్గర వడ్రం పని తెలిసిన దాసుడున్నాడు, అమ్ముతాను అంటాడు. బేరం కుదిరి పత్రం కూడా రాసిస్తాడు. హబ్బాన్ తోమాకు యేసును చూపించి "ఈయన నీ యజమానేనా?" అని అడుగుతాడు. "అవును, నా ప్రభువే." "అయితే నిన్ను నేను కొనేశాను." తోమా ఇంక నోరెత్తడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ నవ్వు ఆగదు.

రాజు కోట కట్టమని డబ్బిస్తాడు. తోమా అదంతా బీదలకు పంచేస్తాడు. కోట ఎంతవరకు వచ్చిందని రాజు విచారిస్తే, కోటా లేదు ఏమీ లేదు, ఊళ్లు తిరిగి రోగులను ఊరికే బాగుచేస్తున్నాడు, రొట్టే ఉప్పూ తిని నీళ్లు తాగి ఒక్క బట్టతో బతుకుతున్నాడు అని చెబుతారు. "నా కోట ఏదీ?" "ఇప్పుడు కనబడదు, నువ్వు చనిపోయాక చూస్తావు." ఏ రాజు ఊరుకుంటాడు? జైల్లో వేయిస్తాడు. ఆ రాత్రే రాజు తమ్ముడు గాదు చనిపోతాడు. దూతలు అతనికి పరలోకంలో ఆ కోట చూపిస్తారు. కింది గదుల్లో ఒక మూలైనా ఇవ్వమని వాళ్లను బతిమాలతాడు. బతికి లేచి వచ్చి, ఆ కోట నాకు అమ్మెయ్యమని అన్న వెంటపడతాడు.

ఇదంతా కథేగా అనుకోవచ్చు. కానీ గుండఫర్ కల్పన కాదు. 19వ శతాబ్దంలో అతని నాణేలు దొరికాయి, ఇప్పటి పాకిస్తాన్‌లోని తఖ్త్-ఇ-బాహీ శాసనంలోనూ పేరుంది. 1వ శతాబ్దంలో తక్షశిల వైపు ఏలిన పార్థియన్ రాజు. అంతకుముందు ఐరోపా పండితులకు ఆ పేరు ఈ పుస్తకం వల్లే తెలుసు. రాజు పేరు నిజమైనంత మాత్రాన తోమా అక్కడికి వెళ్లినట్టు రుజువు కాదు. ఇండియా గురించి ఊరికే పేర్లు పుట్టించి రాయలేదని మాత్రం తేలింది.

అయితే ఇందులో మైలాపూర్ లేదు. తోమా చనిపోయేది మజ్దాయి అనే వేరే రాజు దేశంలో, ఊరి బయట కొండ మీద, సైనికుల ఈటెలకు. ఎముకలను తర్వాత పడమటికి తీసుకుపోయారని రాసుంది. ఆ కొండ మన చెన్నై కొండే అన్నది సంప్రదాయం. 52లో తోమా తమ తీరంలో దిగాడని కేరళ నస్రానీలు (తోమా క్రైస్తవులు) తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

బైబిల్‌లో ఎందుకు లేదంటారా, ముందు ఎప్పుడైనా ఉంటే కదా తీయడానికి. అపొస్తలుల కాలానికి బాగా తర్వాతది. ఇంకో చిక్కు కూడా ఉంది. రాజుగారి కూతురి పెళ్లి జరుగుతుంటే, యేసు తోమా రూపంలో శోభనం గదిలో కూర్చుని ఆ జంటకు కాపురం వద్దని నచ్చజెబుతాడు. పెళ్లయినవాళ్లు కూడా బ్రహ్మచర్యంలో ఉంటేనే రక్షణ అన్నట్టుంటుంది పుస్తకమంతా. మణి మతస్థులు (పర్షియా బోధకుడు మణి అనుచరులు) దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. సంఘ పెద్దలు దూరం పెట్టారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఫిరంగిపురం పిల్ల:
ఒక్క మాట కలుపుతాను. నెల్లూరు అక్కా, మీ అత్తయ్యగారి బైబిల్ మీ దానికంటే లావుగా ఉంటుంది. మాకు 73 పుస్తకాలు, మీకు 66. కానీ ఆ తేడా తోమా కార్యముల వల్ల కాదు, అది మాకూ లేదు. మాకు ఎక్కువున్నవి తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాల లాంటివి, అన్నీ పాత నిబంధనవే. లూథర్ 1534 బైబిల్‌లోనూ అవి రెండు నిబంధనల మధ్య విడిగా ఉండేవి. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాటి అచ్చుకు డబ్బివ్వకూడదని తీర్మానించింది. మరియమ్మ తల్లిదండ్రులు జోకీము, అన్నమ్మల పండగ జూలై 26న చేస్తాం కదా, వాళ్ల పేర్లు మా 73లోనూ లేవు. అవి "యాకోబు ఆది సువార్త" అనే బయటి పుస్తకం నుంచి వచ్చాయి.

నెల్లూరు కోడలు:
చాలా థాంక్స్ మాస్టారూ, చెల్లీ. మరి కొత్త నిబంధనలోని యూదా పత్రికలో (ఉత్తరంలో) హనోకు ప్రవచించెను అని ఉంది కదా? అది ఏ పుస్తకం? ఇలాంటివి చదవొచ్చా?

లైబ్రరీ మాస్టారు:
హనోకు గ్రంథమే. ఇథియోపియా ఆర్థొడాక్స్ వాళ్ల బైబిల్‌లో ఇప్పటికీ ఉంది. 1773లో జేమ్స్ బ్రూస్ అనే స్కాట్లండ్ యాత్రికుడు అక్కడి నుంచి రాతప్రతులు తెచ్చేదాకా ఐరోపావాళ్లకు పూర్తి గ్రంథం లేదు. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దాని అరామిక్ ముక్కలు కూడా బయటపడ్డాయి. కాబట్టి యేసు కాలానికి ముందు నుంచే ఉందని తేలింది.

చదవండి, తప్పేముంది. అలాగని పాస్టర్ గారితో వాదనకు దిగకండి, ఆయన టెన్షన్ ఆయనది. తోమా కార్యములకు ఎం.ఆర్. జేమ్స్ 1924లో వేసిన ఇంగ్లీషు అనువాదం నెట్‌లో దొరుకుతుంది. తోమా జైల్లో పాడే ముత్యం పాట అందులోనే ఉంది. ముత్యం తేవడానికి ఈజిప్టుకు వెళ్లిన రాకుమారుడు తానెవరో మరిచిపోతే, ఇంటి నుంచి ఉత్తరం గద్దలా ఎగిరొచ్చి గుర్తుచేస్తుంది. తొందరలో దాన్ని దాటేయకండి. పెళ్లి అధ్యాయం మాత్రం అత్తయ్యకు చదివి వినిపించే ముందు మీరొకసారి చూసుకోండి.