పాత ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజులు తీసేయాలా, ఉంచాలా? కొత్త డబ్బా ఏ గోడకి పెట్టాలి?

తెనాలి పెంకుటిల్లు
మాది తెనాలి దగ్గర పల్లె. తాతగారు కట్టించిన ఇల్లు, వైరింగ్ 1970ల నాటిది. వీధి వసారాలో చెక్క బోర్డు మీద మెయిన్ స్విచ్చి, నాలుగు పింగాణీ కిట్‌క్యాట్‌లు (తీగ కట్టే పాతకాలం ఫ్యూజులు) ఉన్నాయి. వాన జల్లు కొడితే ఆ గోడంతా చెమ్మ. పోయిన నెల గీజరు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేసేసరికి ఫ్యూజు పోయింది. ఇంట్లో ఫ్యూజు తీగ లేదు. నాన్న మిగిలిన వైరు ముక్కలోంచి రెండు పోగులు తీసి కట్టారు. రెండో రోజుకి పింగాణీ నల్లబడి కాలిన వాసన వచ్చింది. బోర్డు తీసేసి ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తమంతట తామే పడి లైను ఆపేసే స్విచ్చీలు) ఉన్న డబ్బా పెట్టిద్దామని నేను అంటున్నాను. "యాభై ఏళ్లుగా ఏమీ కాలేదు, ఫ్యూజయితే మనమే వేసుకుంటాం" అని నాన్న. డబ్బా ఎక్కడ పెట్టినా సరే ఆగ్నేయంలోనే ఉండాలని అమ్మ పట్టు. మా ఆగ్నేయంలో వంటిల్లుంది. ఎలక్ట్రీషియన్ చూసి, డబ్బా మారిస్తే చాలు, వైరింగ్ కదపనక్కర్లేదన్నాడు. నాకైతే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

ఓరుగల్లు వైర్‌మ్యాన్
ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను. తమ్మీ, మీ నాన్నగారి మాట పూర్తిగా తీసిపారేయకు. కిట్‌క్యాట్‌లో అరిగే భాగం, ఇరుక్కుపోయే స్ప్రింగు లేవు. సరైన తీగ వేస్తే దాని పని అది చేస్తుంది. 5 ఆంపియర్లకు వేసే తీగ వేరు, 15కు వేసేది వేరు. మీ ఇంట్లో తప్పు ఫ్యూజుది కాదు, ఆ రెండు పోగులది. తక్కువకు వస్తుందని ఐఎస్ఐ గుర్తు లేని నకిలీ ఎంసీబీ తెచ్చి పెట్టుకోవడం కన్నా మంచి కిట్‌క్యాటే మేలని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి ఇంజనీర్
అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఒప్పుకోలేను. తీగ కట్టే ఫ్యూజు తన రేటింగుకు దాదాపు రెట్టింపు కరెంటు వస్తేగానీ కరగదు. ఈలోపు గోడలో వైరు కాగుతూనే ఉంటుంది. ఎంసీబీ అయితే దాదాపు ఒకటిన్నర రెట్లకే, ఆలస్యమైనా గంటలోపు పడిపోతుంది. షార్ట్ అయితే రెప్పపాటులో పడుతుంది.

కానీ అసలు విషయం ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. మనిషికి షాక్ కొడితే ఫ్యూజూ కాపాడదు, ఎంసీబీ కూడా కాపాడదు. తడి చేత్తో 230 వోల్టులు ముట్టుకుంటే ఒంట్లోంచి పోయేది ఆంపియరులో పదో వంతో, పదింట రెండు వంతులో. ప్రాణం తీయడానికి అది చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి మాత్రం అది లెక్కలోకే రాదు. దాన్ని పసిగట్టేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఫేజు తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ అనే రెండో తీగలో తిరిగి వస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే లైను తెంపేస్తుంది. కిట్‌క్యాటా, ఎంసీబీనా అని మనం ఎంత వాదించుకున్నా, ఇంట్లో పిల్లలుంటే ముందు అది ఉండాలి.

నెల్లూరు గృహిణి
ఇంజనీర్ గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ "డబ్బా మారిస్తే చాలు" అన్న మాట విని మేం చాలా బాధపడ్డాం. ఆర్‌సీసీబీ పెట్టించిన రోజు నుంచీ రోజుకి నాలుగుసార్లు ట్రిప్ అయ్యేది. మూడోసారి పిలిస్తే ఎలక్ట్రీషియన్ మాకు చెప్పకుండా దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేసి వెళ్లాడు. ఆరు నెలలు గోడ మీద ఉత్త బొమ్మను చూసుకుంటూ ధైర్యంగా ఉన్నాం. వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే మా అత్తగారికి షాక్ కొడితేగానీ బయటపడలేదు. ఇంకొకాయన వచ్చి రెండు రోజులు వెతికితే తేలిందేమిటంటే, ఇన్వర్టర్ న్యూట్రల్, హాలు న్యూట్రల్ ఒక స్విచ్ బోర్డు వెనక కలిసిపోయి ఉన్నాయి. అవి విడదీశాక మళ్లీ ఊరికే పడలేదు. పెట్టించాక టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే అది పనిచేయనట్టే.

ఓరుగల్లు వైర్‌మ్యాన్
అమ్మా, అట్ల కలిపిపోయినోడు చేసింది మహా తప్పు.
ఆర్‌సీసీబీ విషయంలో నేను ఇంజనీర్ గారి మాటే ఒప్పుకుంటున్నా. ఇక వైరింగ్ సంగతి. ఆ కాలంలో చెక్క పట్టీల మీద కొట్టిన రబ్బరు తొడుగు వైర్లు చాలా వేశారు. అవి కదపనంతవరకే బాగుంటాయి. కొత్త డబ్బాకి అందడానికి వంచితే తొడుగు పెళ్లలుగా రాలుతుంది. అల్యూమినియం తీగయితే ఇంకో చిక్కు, కాపర్‌తో అతుకు వేస్తే కొన్నాళ్లకి వదులై వేడెక్కుతుంది. అందుకే ముందు మెగ్గర్ (వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టించి చూడు తమ్మీ. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ లైను మార్చాల్సిందే.
ఇంకోటి. ఆ నాలుగు కిట్‌క్యాట్‌లలో ఒకటి న్యూట్రల్ మీద ఉందేమో చూపించుకో, పాత ఇళ్లలో నేను చాలాచోట్ల చూశాను. అది పోతే లైటు ఆరుతుంది, తీగలో కరెంటు మాత్రం ఉంటుంది. ఆరింది కదా అని చెయ్యి పెట్టినవాళ్లు ఉన్నారు.

కూకట్‌పల్లి ఇంజనీర్
ఎంసీబీ సైజు చూడాల్సింది గీజరుని బట్టి కాదు, గోడలో ఉన్న వైరుని బట్టి. కాపర్ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 16 ఆంపియర్లు, లైట్ల 1.5 వైరుకి 6 లేదా 10. మాటిమాటికీ పడుతోందని 32 పెట్టేవాళ్లున్నారు. మీ నాన్నగారు కట్టిన రెండు పోగులకీ దానికీ తేడా లేదు.

అమ్మగారి మాట గురించి. వంటింట్లో, స్నానాల గదిలో, స్టవ్ పైన, సింక్ పైన డబ్బా పెట్టకూడదని వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 చెబుతుంది. ఆవిరి, నూనె జిడ్డు లోపల పేరుకుంటాయి. ఆగ్నేయమంటే ఆ ఒక్క మూలేనా? వంటింటి గోడకి అవతలి పక్క, హాలు వైపు పెడితే ఆవిడ మాటా నిలుస్తుంది.

సింగ్‌నగర్ విజయవాడ
ఎత్తు గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లొచ్చినప్పుడు మా డబ్బా మెట్ల కింద మోకాలెత్తులో ఉంది. నీళ్లలోనే దిగి ఆపాల్సి వస్తుందేమోనని వణికిపోయాం. మా అదృష్టం, అప్పటికే సరఫరా ఆపేశారు. తడిసిన ఎంసీబీలు ఆరబెట్టి వాడొద్దని చెబితే అన్నీ పారేశాం. ఇప్పుడు అయిదడుగుల ఎత్తున, హాల్లో, తలుపు వెనక పడకుండా, బీరువా అడ్డం లేకుండా పెట్టించాను. చీకట్లో మా అమ్మాయికి కూడా చెయ్యి అందుతుంది.

తెనాలి పెంకుటిల్లు
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. వంటింటి గోడకి హాలు వైపు అంటే అమ్మ ఒప్పుకుంది. నాన్న ఆర్‌సీసీబీకి సరే అన్నారు, ఇల్లంతా వైరింగ్ మార్చడానికి మాత్రం ఇంకా ఊ అనలేదు. మెగ్గర్ పరీక్షకి ఆదివారం మనిషి వస్తున్నాడు. మా ఇంటికి ఎర్తింగ్ గుంతే లేదని ఇప్పుడే తెలిసింది. అది లేకుండా ఆర్‌సీసీబీ పనిచేస్తుందా?

ఓరుగల్లు వైర్‌మ్యాన్
పనిచేస్తుంది, కానీ మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. ఎర్త్ ఉంటే లీకయిన కరెంటు నేలలోకి పోతుంది కాబట్టి ఆ క్షణమే పడుతుంది. గోడకి మీటరున్నర దూరం వదిలి తవ్వించు, బొగ్గూ ఉప్పూ వేయించు, ఎండాకాలం నీళ్లు పోస్తుండు. మీటరు సీలు మాత్రం ఎవరినీ ముట్టుకోనీయకు. మెయిన్ స్విచ్చి ఆపినా స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది. అది తీయించాలంటే 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని పిలిపించు.