అంపోలు జైలు నుంచి తమ్ముడు వస్తున్నాడు, మానసిక జబ్బుంది. ముందుగా ఏం సర్దుకోవాలి?

అడిగినవారు (ఆమదాలవలస దగ్గర పల్లె)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్లుగా మానసిక జబ్బు. మందులు వేసుకున్నన్నాళ్లు తాపీ పనికి వెళ్లి ఇంటికి డబ్బు తెచ్చేవాడు. మానేస్తే నిద్ర ఉండదు, తనలో తనే మాట్లాడుకుంటాడు. సంక్రాంతి ముందు అలాంటి రోజుల్లోనే పక్కింటివాళ్ల బండికి తాళం ఉంటే తీసుకుని అరసవల్లి వెళ్లిపోయాడు. గుడి దగ్గర బండి ఆపి దాని పక్కనే కూర్చున్నాడు. వాళ్లు దొంగతనం కేసు పెట్టారు. అప్పటి నుంచి అంపోలు జిల్లా జైల్లో ఉన్నాడు.

బెయిల్ వచ్చి తొమ్మిది రోజులైంది. పదేసి వేలకు ఇద్దరు జామీను ఉండాలన్నారు. ఊళ్లో ఎవరూ సంతకానికి రావడం లేదు. లోపల మాత్రలు ఇస్తున్నారట. ఏం మాత్రలని ములాఖత్‌లో అడిగితే "తెల్లవి రెండు, పసుపుది ఒకటి" అన్నాడు. నేను పెళ్లయి వేరే మండలంలో ఉంటాను. ఇంట్లో అమ్మ ఒక్కర్తే. వాడు వచ్చాక ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎవరికి చూపించాలి, కేసు సంగతేంటి, నాకు ఏదీ తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పారా లీగల్ వాలంటీర్ (శ్రీకాకుళం)

అమ్మా, మీరు రాసినదాంట్లో నేను పట్టుకున్న మాట "తొమ్మిది రోజులు". బెయిల్ ఆర్డర్ వచ్చి ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే ఆ విషయం జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. అప్పుడు సంస్థ తరఫున వాలంటీరో వకీలో జైలుకు వెళ్లి మాట్లాడతారు. ఇంటి పరిస్థితి మీద నివేదిక రాసి, షరతులు తగ్గించమని కోర్టును అడుగుతారు. ముందు బయటికి వదిలి, జామీను తెచ్చుకోవడానికి కొంత గడువు ఇమ్మని కూడా అడగొచ్చు. నెల దాటినా జామీను దొరక్కపోతే కోర్టు తనంతట తానే ఆ షరతును మళ్లీ చూడవచ్చు.

జైలు వాళ్లు ఎప్పుడు రాస్తారా అని ఎదురుచూడకండి. రేపే శ్రీకాకుళం కోర్టుల ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. తెల్ల కాగితం మీద తమ్ముడి పేరు, కేసు నంబరు, బెయిల్ వచ్చిన తేదీ, జబ్బు సంగతి, అమ్మ ఒంటరిగా ఉంటోందన్న మాట, ఈ ఐదూ రాసి ఇవ్వండి. వెళ్లలేకపోతే న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఇది 1987 చట్టంలోనే ఉంది, వకీలుకు మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు.

ఇంకోటి. డబ్బు కట్టలేక లోపలే ఉండిపోయిన పేద ఖైదీల కోసం కేంద్ర పథకం ఉంది. 2023లో పెట్టినప్పుడు విచారణ ఖైదీకి 40 వేల వరకు అని పరిమితి. గంజాయి కేసుల వంటి వాటికి వర్తించదు, మీది అలాంటిది కాదు. కలెక్టర్, ఎస్పీ, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే కమిటీ చూస్తుంది. అయితే మీకు కావలసింది డబ్బు కన్నా మనుషులు. అందుకని ముందు షరతు తగ్గించమనే అడగండి.

జబ్బు సంగతి వకీలుకు తప్పకుండా చెప్పండి. పాత ఆసుపత్రి చీటీలుంటే జిరాక్సు ఇవ్వండి. పరువు పోతుందని చాలా ఇళ్లల్లో దాచేస్తారు. దాస్తే మీ వాడికే నష్టం. కోర్టులో ఏం జరుగుతుందో అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే డాక్టరుతో పరీక్ష చేయించే దారి చట్టంలో ఉంది.

బొబ్బిలి వైపు నుంచి ఒక అన్న

చెల్లీ, కాగితాల సంగతి పైన చెప్పారు కదా. నేను గేటు దగ్గర సంగతి చెబుతాను. మా అన్న వేరే జైలు నుంచి విడుదలైన రోజు మధ్యాహ్నం దాకా ఉండి, ఈవేళ కాదేమో అనుకుని నేను వచ్చేశాను. కాగితాలు సాయంత్రానికి చేరాయట. రాత్రి ఏడు దాటాక వదిలారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో లుంగీ, చొక్కా, కత్తిరించిన మాత్రల ముక్కలు. ముక్కల మీద పేరు కూడా సగమే కనిపిస్తోంది. ఫోన్ ఉంది గానీ నెలల తరబడి రీఛార్జి లేక సిమ్ పోయింది. అన్నకు నా నంబరు నోటికి రాదు. బస్ కాంప్లెక్స్ దాకా నడిచి, రాత్రంతా బెంచీ మీద కూర్చుని, మర్నాడు ఎవరో ఛార్జీ ఇస్తే ఇంటికొచ్చాడు. నాలుగు రోజుల తరువాత ఆ కవరు అడిగితే ఎక్కడో పడిపోయిందన్నాడు. వాయిదా కాగితం కూడా అందులోనే ఉంది. వాయిదా తప్పింది, వారెంటు వచ్చింది, మళ్లీ తీసుకెళ్లిపోయారు. ఆ ఒక్క సాయంత్రం నేను ఇంకో నాలుగు గంటలు నిలబడి ఉంటే సరిపోయేది.

అందుకే చెబుతున్నాను. విడుదల రోజు ఎంత రాత్రయినా గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి. నీళ్ల సీసా, తినడానికి ఏదైనా, చెప్పులు తీసుకెళ్లండి. అంపోలు నుంచి ఊరికి రాత్రి బస్సు దొరక్కపోతే ఆటో ముందే మాట్లాడుకోండి. మీ నంబరు పెద్ద అంకెలతో రాసి వాడి చొక్కా జేబులో పెట్టండి. కేసుకు పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. వకీలును అడిగి రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా ఎప్పుడో ఇంట్లోంచే చూసుకోవచ్చు. వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టమని షరతు ఉంటే అది కూడా క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. మా ఇంట్లో ఇప్పటికీ వాయిదా తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాం.

నర్సు (మానసిక వైద్య విభాగంలో పని చేశాను)

తెల్లవి రెండు, పసుపుది ఒకటి. ఇలాంటి జవాబు నేను ఎన్నిసార్లు విన్నానో! ఆ రంగులతో ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. వాడు లోపల ఉండగానే మందు పేర్లు కాగితం మీదకి రావాలి.

జైలు ఆసుపత్రిలో వాడి పేరున కేస్ షీటు ఉంటుంది. ఈసారి ములాఖత్‌కు వెళ్లినప్పుడు, విడుదల రోజున మందుల చీటీ, కనీసం రెండు వారాల మాత్రలు ఇవ్వమని సూపరింటెండెంట్ పేరున అర్జీ పెట్టండి. తమ్ముడి సంతకం కూడా ఉంటే మంచిది. తన వైద్య రికార్డు తాను చూసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చింది. చీటీలో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూడండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఇస్తున్నారేమో తప్పకుండా అడగండి. ఇస్తుంటే చివరిది ఏ తారీఖున వేశారో రాయించుకోండి. ఆ తారీఖు తెలియకే ఎంతోమందికి ఇంజెక్షన్ తప్పిపోయి, కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది.

తరువాత శ్రీకాకుళం రిమ్స్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, మానసిక వైద్యం ఓపీ. వచ్చాక చూద్దాం అనుకోకండి. వచ్చిన వారంలోపు వెళ్లాలి, మాత్రలు అయిపోయే దాకా ఆగకూడదు. బాగా తిరగబెట్టి చేర్చుకోవాల్సి వస్తే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితంగా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఎవరైనా కార్డు లేదని వెనక్కి పంపితే ఆ మాట నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఇంటి సంగతి. జైల్లో దీపం ఆర్పే వేళ, అన్నం వేళ, మాత్ర వేళ అన్నీ ఒకరు నడిపిస్తారు. ఇంటికి రాగానే అది ఒక్కసారిగా పోతుంది. మొదటి రెండు మూడు వారాలే అన్నిటికన్నా కష్టం. చీటీలో ఉన్నట్టే పొద్దుటివి అంబలి తాగాక, రాత్రివి అన్నం తిన్నాక అని అమ్మకు అలవాటు చేయండి. మాత్రల డబ్బా అమ్మ దగ్గరే ఉండాలి. మింగేదాకా పక్కనే నిలబడాలి. కసురుకోవద్దు. వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే మూడో రోజు ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులు మానేస్తే మీవాడికి నిద్ర ఉండదని మీరే రాశారు.

పాత స్నేహితులు "వచ్చావురా" అని సారా పోయిస్తారు. నెలల తరబడి తాగని శరీరం మునుపటి మోతాదు తట్టుకోలేదు, పైగా ఈ మందుల మీద మరీ ప్రమాదం. ఆ స్నేహితుల ఇళ్లకు మీరే వెళ్లి చెప్పండి.

ఇంకో మాట రాయక తప్పదు. చేనుకు కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంటే వాడు వచ్చే లోపే వేరే ఇంటికి పంపేయండి. జైలు నుంచి వచ్చిన కొత్తలో అవమానంతో ప్రాణం తీసుకునేవాళ్లున్నారు. "చచ్చిపోవాలనుందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అడిగితేనే మనసులోది బయటికి వస్తుంది. అర్ధరాత్రయినా 14416కి, టెలీ మానస్ అనే మానసిక సహాయ నంబరుకు, ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మీ నిద్ర గురించి కూడా మాట్లాడండి, ఆ నంబరు మీకూ పనికొస్తుంది.

అడిగినవారు

అందరికీ దండం. న్యాయ సేవ ఆఫీసులో అర్జీ ఇచ్చాను, తీసుకుని రసీదు ఇచ్చారు. రేపు జైలుకు మనిషిని పంపుతామన్నారు. రెండు సందేహాలు. అమ్మ మొన్నటి దాకా నా దగ్గర ఉండి రెండు నెలలు పింఛను తీసుకోలేదు, పోయినట్టేనా? వాడికి ఏదైనా వస్తుందా? ఇంకోటి, ఊళ్లో వాడి గురించి మాటలు మొదలయ్యాయి. పక్కింటివాళ్లు మాట్లాడడమే మానేశారు.

సచివాలయం ఉద్యోగి (విజయనగరం జిల్లా)

పింఛను పోలేదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల ఒకటో తారీఖున మూడూ కలిపి ఇస్తారు. మూడో నెల మాత్రం తప్పనివ్వకండి, అమ్మను ఆ రోజుకు ఊళ్లో ఉంచండి.

తమ్ముడికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్, చేయించండి. మానసిక జబ్బు కూడా అందులో వైకల్యమే. స్లాట్ మీ సచివాలయంలోనే బుక్ చేస్తారు. 40 శాతం, ఆ పైన వస్తే నెలకు 6 వేల పింఛనుకు అర్హత. కొత్త పింఛన్ల దరఖాస్తులు ఎప్పుడూ తెరిచి ఉండవు, సర్టిఫికెట్ ముందే చేతిలో ఉండాలి. పాత ఆసుపత్రి చీటీలు ఒక్కటి కూడా పారేయకండి. రైస్ కార్డులో పేరుందో లేదో, ఈకేవైసీ అయిందో లేదో చూడండి. పైన బొబ్బిలి అన్న చెప్పినట్టు సిమ్ పోయి ఉంటే, ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అది అవకపోతే ఓటీపీ దగ్గర ప్రతి పనీ ఆగిపోతుంది.

ఎచ్చెర్ల తీరం నుంచి ఒక మాస్టారు

ఊరి మాటల గురించి. 2018లో గుజరాత్ వైపు వేటకు వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన జాలర్లు 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు, గుర్తుందా? ఇరవై మంది. మంత్రి ఎదురెళ్లారు, ఊళ్లకు ఊళ్లు కదిలాయి. వాళ్లూ జైలు నుంచే వచ్చారు, వాళ్ల కళ్లల్లోనూ అదే బెదురు. అంపోలు నుంచి వచ్చేవాడికి ఎదురెళ్లేవాళ్లు లేరన్నదే తేడా. మీ తమ్ముడిది నేరమని ఇంకా ఏ కోర్టూ చెప్పలేదు.

పక్కింటికి మీరే వెళ్లండమ్మా, వాడు రాకముందే. వాదించడానికి కాదు. బండి పాడైతే బాగు చేయిస్తామని, మందులు మానేసినప్పుడు అలా చేశాడని, ఈసారి అమ్మ దగ్గరుండి వేయిస్తుందని చెప్పండి. ఏదైనా తేడా కనిపిస్తే ముందు మీకు ఫోన్ చేయమని నంబరు ఇచ్చి రండి. ఒకవేళ వాళ్లు రాజీకి ఒప్పుకుంటే కేసు సంగతి వకీలును అడగవచ్చు.

పాతపట్నం నుంచి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మామయ్య సబ్ జైల్లో ఉన్నాడు, టీబీ మందులు మూడు నెలలయ్యాయి. బయటికొస్తే మళ్లీ మొదటి నుంచి వాడాలా?

నర్సు

అక్కర్లేదు, మధ్యలో ఆపకపోతే చాలు. నిక్షయ్ ఐడీ, అంటే టీబీ రోగిగా నమోదైన నంబరు, అడిగి రాసుకోండి. ఆ నంబరుతో మీ పీహెచ్‌సీలో మిగతా మందులు ఇస్తారు. తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, ఖాతా పని చేస్తుందో లేదో చూసుకోండి.

అడిగినవారు

నిన్న సాయంత్రం వచ్చాడు. జామీను ఒక్కరికి తగ్గించారు, మా ఆయన ఇంటి పన్ను రసీదు పెట్టి సంతకం చేశారు. నాలుగు గంటల నుంచి గేటు దగ్గరే ఉన్నాను, ఏడు తక్కువ పది నిమిషాలకు వదిలారు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి "అప్పా, బస్సుందా?" అన్నాడు, అంతే. ఆటోలో రెండు ఇడ్లీలు తిన్నాడు. చీటీ ఇచ్చారు, మూడు మందుల పేర్లూ ఉన్నాయి, ఇంజెక్షన్ లేదట. మాత్రలు మాత్రం పది రోజులకే ఇచ్చారు. రాత్రి వేశాం, పొద్దున ఆరు దాకా పడుకున్నాడు. పురుగుమందు డబ్బా మా చిన్నాన్న ఇంటికి పంపేశాను. వాయిదా పద్దెనిమిదో తారీఖు, క్యాలెండర్ మీద ఎర్ర సున్నా చుట్టాను. మంగళవారం రిమ్స్‌కు తీసుకెళ్తున్నాను. ఆ రోజు పొద్దున మాత్ర వేయాలా, ఆపాలా?

నర్సు

వేసే తీసుకెళ్లండి. పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాక. చీటీతో పాటు మిగిలిన మాత్రల స్ట్రిప్పులు కూడా సంచిలో పెట్టుకోండి. డాక్టరు దగ్గర మీరు మాట్లాడే ముందు వాణ్ని మాట్లాడనివ్వండి.