కమాండర్ జీపుకు ఇంజన్ ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్లు పెట్టించాలా? ఘాట్‌లో బాగా హీటెక్కుతోంది

దేవరకొండ కమాండర్

అన్నలందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంట్లో 1997 మోడల్ మహీంద్రా కమాండర్ ఉంది, డీజిల్, ఏసీ లేదు. నాన్న కొన్న బండి, నేను స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నదే దీని మీద, కాబట్టి అమ్మేయమని మాత్రం ఎవరూ చెప్పొద్దు.

రెండు ఎండాకాలాల నుంచి బాగా హీటెక్కుతోంది. మొన్న రోహిణి కార్తెలో శ్రీశైలం పోయి వస్తుంటే, డ్యామ్ దగ్గర బ్రిడ్జి దాటి ఈగలపెంట వైపు ఎక్కేటప్పుడు ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. తొమ్మిది మందిమి ఉన్నాం, సెకండ్ గేర్‌లో ఎక్కుతోంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి. ముప్పావు గంట అక్కడే ఆగాం. మన్ననూరు దగ్గర రాత్రి 9 తర్వాత బండ్లు వదలరు కదా, పిల్లలతో అడవిలో ఇరుక్కుంటామేమోనని ఒకటే టెన్షన్. నల్లగొండ గడియారం సెంటర్ ట్రాఫిక్‌లో కూడా ముల్లు లేస్తుంది కానీ అంత కాదు. హైవే మీద 60లో పోతే మామూలుగానే ఉంటుంది.

మా మెకానిక్ ఏమంటున్నాడంటే, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్యాన్ పీకేసి ఇండికాకు ఉండే లాంటి కరెంటు ఫ్యాన్లు రెండు పెట్టిద్దాం, హీటూ తగ్గుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అని. ఇంకో మెకానిక్ వద్దంటున్నాడు, ఎందుకు వద్దో చెప్పడం లేదు. పెట్టించిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా పనిచేస్తుందా? బ్యాటరీకి కరెంటు పంపే పాత ఆల్టర్నేటర్ ఆ లోడు లాగుతుందా? వేడిని బట్టి ఫ్యాన్ ఆన్ చేసే సెన్సార్ ఎక్కడ పెట్టాలి?

మిర్యాలగూడ షెడ్డు

తమ్ముడూ, ఫ్యాన్ సంగతి తర్వాత, నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

మీ ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీకి బిగించి ఉంటుంది, ఇంజన్ ఎంత తిరిగితే అదీ అంత తిరుగుతుంది. ట్రాఫిక్‌లో స్లోలో ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి 800 సార్ల దగ్గర తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్ గాలి తక్కువ, అప్పుడు ముల్లు లేచిందంటే ఫ్యాన్‌ను అనుమానించొచ్చు. కానీ ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఎక్కేటప్పుడు ఇంజన్ రెండున్నర వేలు, మూడు వేలు తిరుగుతుంది, ఫ్యాన్ కూడా అదే పిచ్చిగా గాలి లాగుతుంటుంది. ఆ ఫ్యాన్ ఆ స్పీడులో లాగే గాలి ముందు 12 అంగుళాల కరెంటు ఫ్యాన్ చాలదు. అంత గాలి వస్తున్నప్పుడు కూడా నీళ్లు మరిగాయంటే లోపం గాలిలో కాదు, ఇంజన్ వేడి నీళ్ల ద్వారా రేడియేటర్ దాకా వచ్చి బయటికి పోవడంలో ఎక్కడో ఉంది. ఈ పరిస్థితిలో ఆ ఫ్యాన్ పీకేస్తే ట్రాఫిక్‌లో కొంచెం బాగుపడి, ఘాట్‌లో ఇప్పటికన్నా ముందే మరుగుతుంది. ఆ రెండో మెకానిక్ వద్దన్నది అందుకే అయ్యుంటుంది.

రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నావు? కూలెంటా, బోరు నీళ్లా? ఫ్యాన్ చుట్టూ రేకు డబ్బా ఉందా? థర్మోస్టాట్, అదే ఇంజన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌లోకి వదలని వాల్వు, ఉందా, ఎవరైనా తీసేశారా? ఈ మూడూ చెప్పు.

దేవరకొండ కమాండర్

అన్నా, బోరు నీళ్లే. నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే, తగ్గితే పోయడం. రేకు డబ్బా లేదు, ఒకసారి రేడియేటర్ దించినప్పుడు తీశారు, మళ్లీ పెట్టలేదు. థర్మోస్టాట్ సంగతి తెలియదు.

మిర్యాలగూడ షెడ్డు

ఇంకేం, దొరికినట్టే.

మీ ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే కరెంటు రాడ్డు ఉంటే ఒకసారి తీసి చూడు. ఆరు నెలలకే దానికి తెల్లగా, గరుకుగా సున్నం కడుతుంది, గోటితో గీకితే పెచ్చులు లేస్తాయి. నీ రేడియేటర్ గొట్టాల లోపల ఇన్నేళ్లుగా అదే జరిగింది. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, అది మనుషుల ఎముకలకు, పళ్లకు చేసిన నష్టం మనందరికీ తెలుసు, కానీ రేడియేటర్‌ను పూడ్చేది అది కాదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడికి గట్టిపడి పొరలా అంటుకుంటాయి. గొట్టం సన్నబడుతుంది, పైగా ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. రేడియేటర్ ఒక్కటే కాదు, ఇంజన్ బ్లాకు లోపల కూడా కడుతుంది.

చూసుకోవడం సులువే. ఇంజన్ పూర్తిగా చల్లారాక, మళ్లీ చెప్తున్నా, పూర్తిగా చల్లారాక మూత తీసి టార్చి వేసి పై ట్యాంకులోకి చూడు, గొట్టాల మూతులు కనిపిస్తాయి. వాటి చుట్టూ తెల్లటి గడ్డలు ఉంటే మాట్లాడే పనే లేదు. ఇంకో పద్ధతి, బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి, ఫ్యాన్ ఆగాక, రేడియేటర్ మీద అక్కడక్కడ చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే కొన్ని చోట్ల చల్లగా తగులుతుంది. అక్కడ నీళ్లు తిరగడం లేదని అర్థం.

మీది ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే అదృష్టం, పై ట్యాంకు టంకం విప్పి ఒక్కో గొట్టంలో సన్నటి రాడ్డు దూర్చి శుభ్రం చేస్తారు, మళ్లీ టంకం పెడతారు. రాడ్డింగ్ అని అడిగితే ఏ రేడియేటర్ షాపులోనైనా తెలుసు. ఆ తర్వాత బోరు నీళ్లు ముట్టుకోవద్దు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మూత కూడా కొత్తది వేయించు, పాత మూత మీద ఎంత ప్రెషర్ అచ్చువేసి ఉందో అంతదే తీసుకో. మూత ప్రెషర్ పట్టి ఉంచితేనే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. 0.9 బార్ మూత సరిగా పనిచేస్తే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోయిన మూతతో 100 దగ్గరే బుస్సుమంటాయి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే ఇంకా మంచిదని కొందరు వేస్తారు, పాత రేడియేటర్ టంకం దగ్గర చీలుతుంది, ఆ పని చేయొద్దు.

రేకు డబ్బా తప్పకుండా పెట్టించు. అది లేకపోతే ఫ్యాన్ రెక్కలు రేడియేటర్‌లోంచి కాకుండా పక్క నుంచి, ఇంజన్ దగ్గరి వేడి గాలినే లాగి తిప్పుతుంటాయి. నీకు గడియారం సెంటర్‌లో ముల్లు లేవడానికి సగం కారణం ఇదే. రేకు పని చేసే ఎవరైనా రేడియేటర్ కొలతకు చేసిస్తారు, రెక్కల అంచుకూ రేకుకూ మధ్య వేలు సందు ఉంటే చాలు. మరీ దగ్గరైతే ఇంజన్ కదిలినప్పుడు తగులుతుంది.

నాగర్‌కర్నూల్ సుమో

మిర్యాలగూడ అన్న చెప్పింది నిజమే కానీ కరెంటు ఫ్యాన్ అసలు పనికిరాదన్నట్టు అనుకోవద్దు. నేను మా పాత సుమోకు పెట్టించి నాలుగేళ్లయింది. ఊళ్లల్లో జాతరకు, సంతకు పోయినప్పుడు గంటసేపు ఇంజన్ ఆన్‌లో ఉన్నా ముల్లు కదలదు. వానాకాలం వాగు దాటేటప్పుడు ఫ్యాన్ ఆపేయొచ్చు, ఇంజన్ ఫ్యాన్ అయితే నీళ్లలో మునిగి ఇంజన్ మీదంతా చిమ్ముతుంది, రెక్క వంగి రేడియేటర్‌కు తగిలినా తగులుతుంది.

కానీ నేను చేసిన తప్పు మీరు చేయొద్దని రాస్తున్నాను. మొదట సెన్సార్ పెట్టలేదు, డబ్బులు మిగులుతాయని డ్యాష్‌బోర్డు మీద స్విచ్చి ఒక్కటే పెట్టించాను. అవసరమైనప్పుడు నేనే వేసుకుంటాలే అనుకున్నా. ఐదు నెలలు గుర్తుపెట్టుకుని వేశాను. ఒకరోజు మా అమ్మకు ఒంట్లో బాగోక మహబూబ్‌నగర్ తీసుకుపోతున్నాను, మనసు మనసులో లేదు, జడ్చర్ల రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు స్విచ్చి వేయలేదు. ముల్లు చూడలేదు. ఇంజన్ కొట్టుకోవడం మొదలయ్యాక చూశాను. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది, మిల్లింగ్ చేయించాల్సి వచ్చింది. అమ్మను ఇంకో ఆటోలో పంపాను. ఆ గేటు దగ్గర నిలబడ్డ పది నిమిషాలు ఇప్పటికీ మర్చిపోలేను. ఫ్యాన్ పెడితే దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టండి, స్విచ్చి అదనంగా ఉంటే ఉండనివ్వండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఇంజన్ ఫ్యాన్ తీసేశాక అవే బోల్టులతో పుల్లీ బిగిస్తారు. ఆ బోల్టులు ఫ్యాన్ మందం కూడా కలుపుకుని పొడవుగా ఉంటాయి. ఫ్యాన్ లేకపోతే అడుగుకు తగిలి ఆగిపోతాయి, చేతికి బిగిసినట్టే ఉంటుంది కానీ పుల్లీ వదులుగానే ఉంటుంది. మాది రెండో రోజే కిరకిరమంది. ఆ మందానికి వాషర్లు వేయండి, లేదా పొట్టి బోల్టులు వేయండి.

జడ్చర్ల వైరింగ్

కరెంటు పని గురించి నేను చెప్తా, రోజూ చేసేదే.

ముందు లెక్క. ఒక్కో ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు సైజును బట్టి 8 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది, ఆన్ అయిన క్షణంలో దానికి రెండు మూడు రెట్లు. రెండు ఫ్యాన్లు 20 అనుకుందాం. రాత్రి హెడ్‌లైట్లు రెండూ కలిసి 10, వైపరు, హారన్, టేపు. మీ ఆల్టర్నేటర్ మీద రేటింగ్ ప్లేటు ఉంటుంది, చూసుకోండి. ఆ అంకె ఇంజన్ బాగా తిరిగినప్పటిది, స్లోలో సగం కూడా రాకపోవచ్చు. ఫ్యాన్ అవసరం పడేదేమో సరిగ్గా స్లోలోనే. అంటే వాన పడే రాత్రి ట్రాఫిక్‌లో బ్యాటరీ కరిగిపోతూ ఉంటుంది, మీకు తెలియదు. పెట్టాక మీటరు పట్టుకుని చూడండి, స్లోలో ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేసినప్పుడు బ్యాటరీ దగ్గర 13 వోల్టుల కంటే దిగితే ఆల్టర్నేటర్ పెద్దది వేయాల్సిందే.

ఫ్యాన్ కరెంటు స్విచ్చిలోంచి, కీలోంచి పోనివ్వకూడదు. స్విచ్చి కరిగి వైరు అంటుకున్న బండ్లు నా దగ్గరికి వచ్చాయి. ఒక్కో ఫ్యాన్‌కు ఒక్కో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి డబ్బా), ఒక్కో ఫ్యూజు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే 30వ పిన్ను, 87 నుంచి ఫ్యాన్. 85, 86లలో ఒకటి కీ ఆన్ కరెంటుకు, ఇంకోటి సెన్సార్ ద్వారా ఎర్తుకు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, అప్పుడే మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకున్నా కాపాడుతుంది. వైరు 4 స్క్వేర్ ఎంఎం తగ్గొద్దు. ఎర్తు కూడా అంతే లావు, పెయింటు గీకి బిగించాలి.

సెన్సార్ నీళ్లలో మునిగి ఉండాలి, రెక్కల మధ్య గుచ్చే రకం వద్దు. పై హోసులో అడాప్టర్ వేసి పెట్టొచ్చు. మీ థర్మోస్టాట్ 82కు తెరుచుకునేదైతే 92కు ఆన్ అయి 87కు ఆగే సెన్సార్ సరిపోతుంది. థర్మోస్టాట్ కంటే తక్కువకు ఆన్ అయ్యేది వేస్తే ఫ్యాన్ అసలు ఆగదు.

ఫ్యాన్ ఇంజన్ వైపు పెట్టి గాలి లాగేలా ఉండాలి. ముందు వైపు పెడితే హైవే మీద వచ్చే గాలికి అదే అడ్డం. ప్లస్, మైనస్ తిరగబడితే గాలి ఎదురు కొడుతుంది. గ్రిల్ ముందు న్యూస్ పేపర్ ముక్క పెట్టి చూడండి, అతుక్కోవాలి.

మైలేజీ సంగతి, ఫ్యాన్ స్పీడు రెట్టింపైతే తిప్పడానికి ఎనిమిది రెట్లు శక్తి కావాలి, కాబట్టి ఎక్కువ స్పీడులో ఇంజన్ ఫ్యాన్ కొంత తినేమాట నిజం. కానీ మీరు 60లో తోలే బండికి డీజిల్‌లో పెద్ద తేడా ఆశించకండి. చాలా కార్లకు కరెంటు ఫ్యాన్లు ఎందుకున్నాయంటే వాటిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, పుల్లీ రేడియేటర్ వైపు ఉండదు. మీ జీపులో నిలువుగా ఉంది.

దేవరకొండ కమాండర్

అన్నలూ, మూడు వారాలకు వచ్చి రాస్తున్నాను, ఆలస్యమైంది, ఏమనుకోవద్దు.

నల్లగొండలో రేడియేటర్ దించి పై ట్యాంకు విప్పారు. నేను పక్కనే నిలబడి చూశాను. మూడో వంతు గొట్టాలు పూర్తిగా మూసుకుపోయాయి, రాడ్డు దూర్చి కొడుతుంటే ముగ్గు పిండిలాంటి తెల్ల పొడి, మధ్యలో శనగ బద్దంత పెచ్చులు రాలాయి. బయటి వైపు రెక్కల్లో వరి పొట్టు, పత్తి నూగు ఇరుక్కుని ఉంది, పొలం బండి కదా. ఇంజన్ వైపు నుంచి నీళ్లు మెల్లగా కొట్టి తీశారు. థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే ఖాళీ, ఎప్పుడో ఎవరో తీసేశారు. కొత్తది వేయించాను. వేసే ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, తెరుచుకోవడం చూశాం. బ్లాకు కూడా కడిగారు, చాలాసేపు తుప్పు నీళ్లే వచ్చాయి. రేకు డబ్బా చేయించాను. కూలెంట్, కొత్త మూత, కొత్త బెల్టు.

ఇంజన్ ఫ్యాన్ తీయలేదు.

నిన్న మళ్లీ శ్రీశైలం పోయొచ్చాం, ఈసారి ఎనిమిది మందిమి. బ్రిడ్జి నుంచి ఈగలపెంట దాకా నా చూపంతా ముల్లు మీదే. మధ్య గీత దాటి సన్న మలుపుల దగ్గర కొంచెం లేచింది, పైకి ఎక్కాక మళ్లీ దిగింది. దోమలపెంటలో టీకి ఆపినప్పుడు మూత దగ్గర తడి కూడా లేదు. మిర్యాలగూడ అన్నా, మీకు చాలా రుణపడి ఉన్నాను.

ఒకటే అడగాలి. గడియారం సెంటర్‌లో ఇంకా ఒక గీత లేస్తోంది. ఇంజన్ ఫ్యాన్ అట్లాగే ఉంచి, ముందు వైపు చిన్న కరెంటు ఫ్యాన్ ఒకటి సాయానికి పెట్టొచ్చా?

జడ్చర్ల వైరింగ్

ఒక గీత లేచి ఆగుతుంటే ఏం అవసరం లేదు, ఎండాకాలం దాకా చూడండి. అప్పుడు కూడా కావాలనుకుంటే 10 అంగుళాలది ఒకటి చాలు, ముందు నుంచి లోపలికి తోసే రకం అడగండి. రిలే, సెన్సార్ మాత్రం నేను చెప్పినట్టే.

మిర్యాలగూడ షెడ్డు

తమ్ముడూ, ఆ తెల్ల పొడి సంగతి మీ ఊళ్లో ట్రాక్టర్లున్న వాళ్లకు కూడా చెప్పు, వాళ్లూ అవే బోరు నీళ్లు పోస్తుంటారు. డిక్కీలో ఐదు లీటర్ల క్యాన్‌లో కూలెంట్ కలిపిన నీళ్లు పెట్టుకో, దారిలో తగ్గినా బోరు దగ్గర ఆగే పని ఉండదు.