అప్‌డేట్: క్యాబ్ నడిపే మా తమ్ముని నడుము నొప్పి

పోయిన నెల అడిగిన గదా, నల్గొండ నుంచి పోయి హైదరాబాద్‌ల క్యాబ్ నడిపే మా తమ్ముడు రోజుకు 14 గంటలు స్టీరింగ్ మీదనే ఉంటుండు, నడుము పట్టేసింది, ఏం చేయాలె అని. డాక్టరుకు చూపించినం. కిడ్నీల తోని గూడా నడుము నొస్తదేమోనని ఆమె ముందుగాల మూత్రం మంట ఉందా అని అడిగింది. అప్పుడు చెప్పిండు: బండి ఆపే జాగ దొరకదని పొద్దుమూకేదాక నీళ్లే తాగడట! సీసా సీటు పక్కన నిండుగనే ఉంటదట. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఇప్పుడు రెండు గంటలకోసారి పెట్రోల్ బంకుల ఆగి దిగుతుండు. నడుము వెనుక తువ్వాల చుట్టి పెట్టుకుంటుండు. నొప్పి సగం తగ్గింది. కిరాయిలు కూడా తగ్గినయి, కారు కిస్తీ మాత్రం అంతే ఉంది, అదే రంది.

మీరు చెప్పినట్టే, అసంఘటిత కార్మికులకు సర్కారు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు తీసినం. బ్యాంకుల ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) కట్టినం. ప్రమాదంల ప్రాణం పోతే ఇంటోళ్లకు 2 లక్షలు. నడుము నొప్పితోని పని పోతే మాత్రం అది అక్కరకు రాదు. సోమవారం మళ్ల డాక్టరు దగ్గరికి పోతున్నం.