జూన్‌లో వయోమింగ్ హ్యాండ్‌కార్ట్ ట్రెక్: మమ్మల్ని ‘మా–పా’గా వేశారు, ఏం చూసుకోవాలి?

లీహై నాన్న:

అందరికీ నమస్తే. మేం యూటాలో లీహైలో ఉంటాం, సొంతూరు విశాఖ. మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం, అంటే మోర్మన్లం. వచ్చే జూన్‌లో మా స్టేక్ (చుట్టుపక్కల మా సంఘాలన్నీ కలిసిన విభాగం) పిల్లల్ని వయోమింగ్‌లో మార్టిన్స్ కోవ్ దగ్గర హ్యాండ్‌కార్ట్ ట్రెక్‌కి తీసుకెళ్తోంది. నన్నూ మా ఆవిడనీ ఒక బండికి ‘మా’, ‘పా’గా ఉండమన్నారు. అంటే 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలు పది మంది, మూడు రోజులు మా పిల్లల కిందే లెక్క. మా సొంత అమ్మాయిని మాత్రం వేరే బండికి వేస్తారట. కావాలనే అలా చేస్తారట.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1856 నుంచి 1860 వరకు పది దళాలుగా దాదాపు 3000 మంది, ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి, స్కాండినేవియా నుంచి వచ్చిన పేదవాళ్ళు, ఎడ్లబండి కొనే స్తోమత లేక సామాను చిన్న చెక్కబండిలో వేసుకుని చేత్తో లాక్కుంటూ సాల్ట్ లేక్ దాకా నడిచారు. మొదటి దళాలు అయోవా సిటీ నుంచి బయలుదేరాయి, అక్కడి నుంచి సుమారు 1300 మైళ్ళు. ఆ నడకను పిల్లలకు కొంచెం రుచి చూపించడానికే ఈ ట్రెక్.

బిషప్ అడిగితే సరే అనేశాను, ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. నేను సీతమ్మధారలో పెరిగినవాణ్ణి, టెంట్ కూడా వేసి ఎరగను. స్టేక్ వాళ్ళిచ్చిన లిస్టులో అయిదు గ్యాలన్ల బకెట్టు, స్లీపింగ్ బ్యాగు, టోపీ అన్నీ ఉన్నాయి. లిస్టులో లేనివే నా అనుమానాలు. ఎండకు భయపడాలా, చలికా? మా అమ్మాయి పాతకాలం గౌను కుట్టించుకోనంటోంది, పరికిణీ వేసుకుంటానంటోంది, కుదురుతుందా? మా ఇంట్లో బీఫ్ తినం, అక్కడ వంట స్టేక్ వాళ్ళదే. ‘విమెన్స్ పుల్’ అని ఒక కొండ ఆడపిల్లలతోనే లాగిస్తారట, అది అవసరమా?

అసలు బాధ ఇంకోటి. ప్రతి పిల్లకీ ఆ రోజుల్లో నడిచిన ఒకరి పేరు కార్డు మీద రాసి మెడలో వేస్తారు. మిగతా పిల్లలు తమ ముత్తాతల పేర్లు తెచ్చుకుంటున్నారు. మా అమ్మాయి “మనవాళ్ళెవరూ నడవలేదుగా నాన్నా, నాకెవరి పేరిస్తారు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

సాల్ట్‌లేక్ సీతక్క:

తమ్ముడూ, నేను నర్సును. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్ళయింది. మా స్టేక్ ట్రెక్‌లకు మెడికల్ టీమ్‌తో వెళ్తుంటాను, కాబట్టి నా జవాబులో భక్తి తక్కువ, బొబ్బలు ఎక్కువ ఉంటాయి.

ముందు ఆ కార్డు సంగతి తేలుద్దాం. ఎలిజబెత్ జేవియర్ టేట్ పేరు అడుగు. బొంబాయిలో పుట్టిన మనిషి. భర్త విలియం టేట్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాడు, అతను ముందే యూటా వెళ్ళిపోయాడు. ఆమె తర్వాత బయలుదేరి, దారిలో చంటిపిల్లను పోగొట్టుకుని, 1856లో విలీ దళంతో నడిచింది. మంచులో చిక్కుకున్న రెండు దళాల్లో అది ఒకటి. బతికి బయటపడి భర్తను చేరుకుంది, సీడర్ సిటీలో కాపురం పెట్టారు. మీ అమ్మాయి మెడలో ఆ పేరు వేసుకుని నడిస్తే, పక్క బండి పిల్లలే వచ్చి ఆమె ఎవరని అడుగుతారు.

ఇక ఎండా చలీ. రెండూ. మార్టిన్స్ కోవ్ సుమారు 6000 అడుగుల ఎత్తు. పగలు చెట్టు నీడ ఉండదు, రాత్రి దుప్పటి చాలదు. కానీ పిల్లలు పడిపోయేది ఎండకే. 2016 జూన్‌లో ఓక్లహోమాలో ఇలాంటి ట్రెక్‌లోనే లీడరుగా వెళ్ళిన ఒక యువతి ఎండదెబ్బతో చనిపోయింది. పిల్ల కాదు, లీడరు. పెద్దవాళ్ళు పిల్లలకు నీళ్ళు తాగించే హడావిడిలో తాము తాగరు. నీకూ మీ ఆవిడకూ ఇది గట్టిగా చెబుతున్నాను.

నీళ్ళు బండిలో ఎన్ని ఉన్నా పిల్లలు తాగకపోవడానికి ఒక కారణం ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. టాయిలెట్లు దూరం, క్యూ పొడుగు, వాసన. ముఖ్యంగా ఆడపిల్లలు బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచీ నోరు కట్టేసుకుంటారు. మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతి. కాబట్టి ప్రతి ఆగుడులోనూ నువ్వే టైమిచ్చి పంపించు. ఉత్త నీళ్ళే గటగటా తాగించడమూ తప్పే, ఉప్పు కూడా లోపలికి పోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. అవి అయిపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీస్పూను తలకొట్టి. నిమ్మకాయ పిండితే అమెరికన్ పిల్లలు కూడా మారుమాట్లాడకుండా తాగుతారు.

ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పినా, అది నీరసం కాదు, ఎండదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి, విసురుతూ చల్లబరచడం వెంటనే మొదలుపెట్టాలి, ఒకరు మెడికల్ టీమ్‌కి కబురు చెయ్యాలి. మెడికల్ టీమ్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

కాళ్ళు. కొత్త బూట్లు కొనద్దు. కొనాల్సివస్తే ఇప్పుడే కొని రోజూ తొడిగించు. లోపల పల్చని సాక్సు, పైన మందం సాక్సు. పాదం మీద ఎక్కడైనా మంట మొదలైతే బొబ్బ లేవకముందే ఆపి మోల్‌స్కిన్ (ఒరుసుకోకుండా చర్మానికి అంటించే మెత్తని పట్టీ) అంటించాలి. పిల్లలు బండి ఆపమనడానికి సిగ్గుపడతారు. “ఆపమన్నవాళ్ళకి చాక్లెట్టు” అని ముందే ప్రకటించు, సిగ్గు ఎగిరిపోతుంది.

నెలసరి విషయం మీ ఆవిడ మొదటి రాత్రే ఆడపిల్లలందరితో మామూలుగా మాట్లాడేయాలి. సామాను ఏ డబ్బాలో ఉందో చెప్పాలి, అడగాల్సిన పని లేకుండా. ఇన్‌హేలర్, ఇన్సులిన్, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసే ఇంజెక్షన్) వాడే పిల్లలెవరో మెడికల్ ఫారాల్లో చూసుకో. ఆ మందులు వెనక వచ్చే ట్రక్కులో కాదు, పిల్ల నడిచే బండిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ని ఎండలో వదిలేయకూడదు.

పరికిణీ బాగుంటుంది, కాటన్‌దైతే. పాదాలకు తగలకుండా చీలమండ పైకి కుట్టించు, లోపల లెగ్గింగ్ ఉంటే తొడలు ఒరుసుకోవు. ఓణీ మాత్రం వద్దు, చక్రంలో పడితే మెడ దాకా లాగుతుంది. బీఫ్ సంగతి ఇప్పుడే వంటవాళ్ళకు మెయిల్ పెట్టు, జూన్‌లో చెబితే ఆ పిల్లకి మిగిలేది బ్రెడ్డే. పల్లీ చిక్కీలు పట్టుకెళ్ళాలని మీ ఆవిడకు కచ్చితంగా అనిపిస్తుంది. బండిలో ఎవరికైనా పల్లీ పడదేమో కనుక్కున్నాకే.

విమెన్స్ పుల్ మీద నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా. మగవాళ్ళు మోర్మన్ బెటాలియన్‌లో సైన్యానికి వెళ్ళిపోయారు, ఆడవాళ్ళే లాగారు అని చెప్పి ఆ కొండ ఎక్కిస్తారు. బెటాలియన్ 1846 నాటి మాట. చేతిబళ్ళు మొదలైంది 1856లో. మధ్యలో పదేళ్ళు! భర్త దారిలో చనిపోయి నిజంగానే ఒంటరిగా బండి లాగిన ఆడవాళ్ళున్నారు, వాళ్ళ కథ చెప్పి లాగించండి, నేనే చప్పట్లు కొడతాను. కొన్నిచోట్ల బండికో బొమ్మనిచ్చి, దారిలో ఆ ‘పాప’ చనిపోయిందని పూడ్పించడం కూడా చూశాను. ఆ పదిమందిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల ఉంటే? ఎండ, దుమ్ము, బరువు సరిపోతాయి పిల్లలకి, పైన మనం ఏడిపించక్కర్లేదు.

క్యాస్పర్ వాసి:

అన్నా, నేను మీ సంఘం కాదు, గుంటూరు బాప్టిస్టుని. ఉద్యోగం ఇక్కడ క్యాస్పర్‌లో, మీరు నడవబోయే చోటికి కారులో గంట దూరం. వాతావరణం గురించి చెబుదామని వచ్చాను. ఎండా చలీ అక్కగారు చెప్పారు, గాలి మర్చిపోయారు. ఇక్కడ గాలి ఊరికే వీచదు, తోస్తుంది. టెంటు మేకులు మామూలువి సరిపోవు, పొడుగువి కొనండి. టోపీలకు గడ్డం కింద కట్టుకునే తాడు లేకపోతే మధ్యాహ్నానికి సగం మందికి టోపీలుండవు. జూన్‌లో సాయంత్రం ఉరుములు రావచ్చు. ఆ బయల్లో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మీరే, పిడుగులప్పుడు ఎక్కడికి చేరాలో స్టేక్ వాళ్ళను ముందే అడగండి. స్వీట్‌వాటర్ నది పక్కన దోమలు, గడ్డిలో రాటిల్‌స్నేక్స్. లీహై నుంచి ఐ-80 మీద రాలిన్స్ దాకా వచ్చి ఉత్తరానికి తిరుగుతారు కదా, రాలిన్స్‌లోనే కారుకి గ్యాస్ (పెట్రోలు) నింపుకోండి. తర్వాత ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ పాప కార్డు మాట చదివాక ఇంకో పేరు గుర్తొచ్చింది. లీవై సావేజ్. ఈయన్ని సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దేశానికి మత ప్రచారానికి పంపితే, 1853లో కలకత్తాలో దిగి, అక్కడి నుంచి బర్మా వెళ్ళి దాదాపు రెండేళ్ళున్నాడు. సయాం చేరనేలేదు. తిరిగొచ్చి ఇంటికి వెళ్తూ 1856లో అదే విలీ దళంలో కలిశాడు. ఆగస్టులో నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ దగ్గర మీటింగ్ పెట్టి వెళ్దామా, చలికాలం ఇక్కడే ఆగుదామా అంటే, ఇంత ఆలస్యంగా ముసలివాళ్ళతో పిల్లలతో బయలుదేరితే చచ్చిపోతారు, ఆగుదాం అన్నాడు. ఎక్కువమంది వెళ్దామన్నారు. సరే, మీతోనే వస్తా, పడే కష్టం మీతోనే పడతా అని నడిచాడు. అక్టోబరు 19న మంచు మొదలైంది. 23న రాకీ రిడ్జ్ ఎక్కారు, మర్నాడు రాక్ క్రీక్ దగ్గర 13 మందిని ఒకే గోతిలో పూడ్చారు. వెనకొచ్చిన మార్టిన్ దళం అదే 19న మా క్యాస్పర్ దగ్గరే నార్త్ ప్లాట్ నది దాటింది. రెండు దళాల్లో కలిపి 200 మందికి పైగా పోయారు. సాల్ట్ లేక్ నుంచి రక్షించడానికి బళ్ళు రాకపోతే మిగిలేవాళ్ళే కాదు.

బయటివాణ్ణి, అయినా ఒక మాట. పిల్లలకి విశ్వాసం కథ చెప్పేటప్పుడు, ఆగుదామన్న మనిషి కథ కూడా చెప్పండి.

లీహై నాన్న:

సీతక్కా, క్యాస్పర్ బ్రదర్, చాలా థ్యాంక్స్. కార్డు విషయం మా అమ్మాయికి చెప్పాను. “బొంబాయా? నిజంగా?” అని అప్పుడే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. టేట్ పేరు అడుగుతూ స్టేక్‌కి మెయిల్ పెట్టాను, బీఫ్ సంగతీ అందులోనే.

విమెన్స్ పుల్ గురించి కమిటీలో అడిగితే ఒకాయన “ఎప్పుడూ చేస్తున్నదేగా” అన్నారు. 1846, 1856 తేదీలు చెప్పాను. ఆలోచిద్దాం అన్నారు. ఇంకో అనుమానం: బండి సంగతి నాకేమీ తెలియదు. ఖాళీ బండి తేలికేనంటున్నారు, కానీ దిగుడులో?

వడ్రంగి మనవడు:

దిగుడు గురించి అడిగావు చూడు, అది అసలు ప్రశ్న. ఎక్కేటప్పుడు బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు మనిషి మీదికొస్తుంది. పది మంది బకెట్లు, స్లీపింగ్ బ్యాగులు, నీళ్ళు వేశాక అది తేలికేం కాదు.

దిగుడు రాగానే బండి ఆపి మనుషుల్ని మార్చు. నొగల మధ్య అడ్డకర్ర పట్టుకుని ఇద్దరు బలమైనవాళ్ళు, వెనక తాడు కట్టి మిగతావాళ్ళు బిగపట్టి వెనక్కి లాగుతూ రావాలి. బండి ముందు ఎవరూ నడవకూడదు, పక్కన చక్రం దగ్గరా నడవకూడదు. అడ్డకర్ర దగ్గరున్న పిల్ల కాలు జారితే అరవాల్సిన మాట ఒకటి ముందే అనుకోండి, ఆ మాట వినగానే వెనకవాళ్ళు కూర్చుండిపోవాలి. బయలుదేరకముందు చదునైన చోట నాలుగుసార్లు ఆడించు ఈ ఆట.

1856 బళ్ళు ఎందుకు విరిగాయో మా తాతకు చెప్పి ఉంటే నవ్వేవాడు. హడావిడిగా పచ్చి కర్రతో చేశారు. ఎండు గాలికి కర్ర కుంచించుకుపోయి చక్రాలు వదులయ్యాయి, ఇసుక దూరి ఇరుసులు అరిగాయి. కందెన లేక తినే పంది కొవ్వూ సబ్బూ ఇరుసుకి రాశారు. ఇప్పుడు మార్టిన్స్ కోవ్ దగ్గర సెంటర్‌లో ఇచ్చే బళ్ళు అంత అన్యాయంగా ఉండవు, కానీ రోజూ పిల్లలు లాగేవే కాబట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. చేతికివ్వగానే సామాను ఎక్కించకు. ఒక పక్క ఎత్తి చక్రం తిప్పి చూడు, అటూ ఇటూ ఊగితే వేరేది అడుగు. కడశీల (చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర పెట్టే మేకు) రెండు పక్కలా ఉందో లేదో చూడు. బరువు ఇరుసు మీదికి వచ్చేలా సర్దు, నీళ్ళ డబ్బా మధ్యలో అడుగున. ముందు బరువెక్కువైతే అడ్డకర్ర పట్టుకున్న పిల్లల నడుం విరుగుతుంది, వెనక ఎక్కువైతే బండి పైకి లేస్తుంది.

చేతి తొడుగులు లిస్టులో ఉన్నాయా? తోలువి, అందరికీ. లేకపోతే రెండో రోజు ఎవరూ కర్ర పట్టుకోరు.