సుంకి ఘాట్‌లో నీరసపడే టర్బో డీజిల్‌కి ఏ ఇంటర్‌కూలర్ వేయించాలి?

జయపురం_డీజిల్:
అందరికీ నమస్కారం. మాది జయపురం. బండి 1.5 లీటర్ టర్బో డీజిల్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించలేదు. విశాఖ నుంచి వచ్చేటప్పుడు సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే, అదీ ఎండాకాలం మధ్యాహ్నం నలుగురం కూర్చుని ఏసీ వేసుకుంటే, సగం కొండకే బండి లాగడం మానేస్తోంది. టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంటోంది. పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌కి పోయే వేడి గాలిని చల్లార్చేది) వేయించమంటున్నాడు మెకానిక్. షాపులో మందపాటి కడ్డీలు, పలకలతో చేసిన బార్ అండ్ ప్లేట్ ఒకటి, సన్నటి గొట్టాలు, రేకులతో (ఫిన్లతో) చేసిన ట్యూబ్ అండ్ ఫిన్ ఒకటి చూపించారు. ఏది తీసుకోమంటారు?

రాయగడ_గ్యారేజీ:
అన్నా, కొనే ముందు ఉన్నదాన్ని విప్పించి చూడండి. మన రోడ్ల ఎర్రదుమ్ము, పురుగులు ఫిన్ల మధ్య గట్టిగా పట్టేస్తే ఎంత మంచి కోరైనా (గాలి చల్లబడే జాలీ భాగం) పనిచేయదు. తర్వాత కింది హోస్ వంపు చేత్తో తడమండి. బయట జిడ్డుగా, దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ బూస్ట్ (టర్బో ఒత్తిడితో ఎక్కించే గాలి) లీక్ ఉందని అనుమానించాలి. ఇంజిన్ ఆపి, టర్బో ముందు పైపుకి మూత బిగించి, కొద్దిగా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు రాస్తే ఎక్కడ బుడగలొస్తాయో తెలిసిపోతుంది. లోపల పల్చటి నూనె పొర ఉంటే కంగారు లేదు, వంచితే నూనె కారుతుంటే మాత్రం టర్బో సీల్, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) చూపించాల్సిందే. ఆ నూనె ఇంజిన్‌లోకి పోతే డీజిల్ బండి తాళం తీసినా ఆగకుండా రేస్ అయిపోయే ప్రమాదం ఉంది.

కొరాపుట్_టర్బో:
పై మాటే ముందు చేయండి. అవన్నీ బాగుంటేనే కొత్తది. 40 డిగ్రీల ఎండలో ఒక బార్ (సుమారు 14.5 పీఎస్‌ఐ) బూస్ట్ అంటే టర్బో నుంచి వచ్చే గాలి 130 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దాన్ని 60కి దించితే అదే బూస్ట్‌కి సిలిండర్‌లోకి దాదాపు ఐదో వంతు గాలి ఎక్కువ వెళ్తుంది. పైగా కొరాపుట్ దగ్గర ఎత్తు 870 మీటర్ల చిల్లర, గాలే పల్చబడుతుంది, టర్బో ఇంకా కష్టపడాలి.

బార్ అండ్ ప్లేట్ గట్టిది, కానీ బరువెక్కువ, ఒకసారి వేడెక్కితే తొందరగా చల్లారదు, వెనకున్న రేడియేటర్‌కి గాలి కూడా తగ్గిస్తుంది. ఘాట్‌లో లోడు లారీ వెనక పాకుతూ పోయే బండికి ట్యూబ్ అండ్ ఫిన్ నయం. కంపెనీ దాని ఎత్తు వెడల్పులే ఉంచి, మందం కొంచెం పెంచండి చాలు. గాలి ఒత్తిడి లోపల రెండు పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడిపోయేది వద్దు. రీమ్యాప్ లేని ఇంజిన్‌కి మరీ పెద్దది పెడితే లాగ్ (యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్ అందడంలో ఆలస్యం) పెరుగుతుంది తప్ప పవర్ రాదు. బంపర్‌కీ కోర్‌కీ మధ్య సందులు ఫోమ్‌తో మూయించండి, లేకపోతే గాలి పక్కల నుంచి జారిపోతుంది.

జయపురం_డీజిల్:
చాలా థాంక్స్. బానెట్ మీద స్కూప్ (గాలి దూరే మూతి) కోసి ఇంటర్‌కూలర్ ఇంజిన్ పైన పెట్టిస్తే?

కొరాపుట్_టర్బో:
వద్దు. సుబారూ వాళ్లు అలా ఇస్తారు గానీ అది ఫ్యాక్టరీలోనే డక్ట్ (గాలి దారి) సీల్ చేసి వచ్చే పద్ధతి. మీరు వెళ్లే స్పీడుకి పైనుంచి గాలి దూరదు, కింద ఇంజిన్ వేడి కోర్‌కి తగులుతూనే ఉంటుంది. ఆ డబ్బుతో మంచి సిలికాన్ హోసులు, వాటిని గట్టిగా బిగించే టీ-బోల్ట్ క్లాంపులు వేయించండి.