అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో పెనాంగ్ వెళ్లొచ్చాం

విజయవాడ నుంచి అమ్మను మలేషియాలోని పెనాంగ్ దీవికి తీసుకెళ్తున్నాం, అక్కడి పాత సిటీ జార్జ్‌టౌన్‌లో దిగాలా, బీచ్ వైపు దిగాలా అని అడిగాను కదా. మొన్ననే తిరిగొచ్చాం. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

జార్జ్‌టౌన్‌లోనే, మనవాళ్లు ఎక్కువగా ఉండే లిటిల్ ఇండియా దగ్గర రూమ్ తీసుకోమన్న సలహానే పనికొచ్చింది. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడికి అమ్మ రోజూ పొద్దున్నే నడిచి వెళ్లింది. తిండి గురించి పడిన టెన్షన్ అంతా అనవసరం. మోసుకెళ్లిన గోంగూర పచ్చడి సగం అలాగే వెనక్కి వచ్చింది.

అసలు ఇబ్బంది పాత షాపుల ముందుండే వరండాలతో. ‘ఫైవ్ ఫుట్ వే’ అంటారు. చల్లగా నీడ ఉంటుంది, కానీ ఒక్కో షాపు గచ్చు ఒక్కో ఎత్తు. పూల టైల్స్ చూస్తూ నాలుగడుగులు వేసేలోపు జానెడు మెట్టు దిగాలి. అమ్మ నా భుజం వదల్లేదు. చదునుగా ఉంటే నడవొచ్చు, మెట్లు దిగడమే కష్టమని వెళ్లేముందు ఇక్కడి ఫిజియో చెప్పింది అక్షరాలా నిజం. ఎండెక్కకముందే తిరగండి, మోకాలి పట్టీ మర్చిపోకండి.

వీల్‌చైర్ అవసరం రాలేదు. పెనాంగ్ హిల్ పైకి రైలుంది, కెక్ లోక్ సి అనే బౌద్ధ గుడిలో కువాన్ యిన్ దేవత విగ్రహం దగ్గరికి లిఫ్ట్ ఉంది. మాకు వీసా అక్కర్లేకపోయింది. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం బయల్దేరేముందే నింపాం.